మా వాడి హెర్నియా: కీహోలా, ఓపెనా? నా అనుభవం

మా మూడేళ్ళ వాడికి హెర్నియా ఆపరేషన్ అయింది. ప్లాస్టర్ ఇంకా ఊడలేదు, వాడు మాత్రం అప్పుడే సోఫా మీంచి దూకుతున్నాడు. విశాఖలో ఇదే పని మీద తిరుగుతున్న తల్లిదండ్రులకి పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

స్నానం చేయిస్తుంటే కుడి గజ్జలో ఉబ్బు కనిపించింది. ఏడిస్తే పెరిగేది, పడుకుంటే పోయేది. మా అత్తగారు వరిబీజం అన్నారు. గాజువాకలో మేం ఎప్పుడూ చూపించుకునే పిల్లల డాక్టర్ హెర్నియా అని తేల్చారు. అక్కడికి వెళ్ళేసరికి ఉబ్బు మాయమైంది గానీ, వాడు ఏడుస్తున్నప్పుడు నేను ఫోన్‌లో తీసిన ఫోటో ఉపయోగపడింది. మీరూ తీసి పెట్టుకోండి. కడుపులో ఉన్నప్పుడు వృషణం కిందికి దిగే దారి పుట్టాక మూసుకుపోవాలి. కొందరికి మూసుకోదు, అందులోంచి పేగు జారుతుంది. బొడ్డు హెర్నియా అయితే చాలామందికి నాలుగైదేళ్ళలోపు దానంతట అదే తగ్గుతుంది. గజ్జల్లోది తగ్గదు, ఆపరేషన్ తప్పదు.

ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. తర్వాత సిటీలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. సర్జన్ గారు వాడిని ఇలా చూసి, "లాప్రోస్కోపీ (కీహోల్ అనేది ఇదే, చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసేది) చేద్దాం, మిగతాది కౌన్సెలింగ్‌లో చెప్తారు" అని పంపేశారు. ఆ గదిలో కూర్చున్న అమ్మాయి మొదట అడిగిన మాట, "ఇన్సూరెన్స్ ఉందా మేడమ్, లిమిట్ ఎంత?" పిల్లాడి పేరు కూడా ఆ తర్వాతే అడిగింది. ప్యాకేజీ కాగితం ముందుకి తోసింది. ఓపెన్‌గా చేస్తే ఎంతవుతుందని అడిగాను. "ఓపెన్ పాత పద్ధతి మేడమ్. పెద్ద కోత, వారాలపాటు మంచం, మళ్ళీ వచ్చేస్తుంది కూడా" అంది. "పిల్లలకి కూడా అంతేనా? మెష్ (లోపల పెట్టే వల) వేస్తారా?" అన్నాను. జవాబు లేదు. తలుపు తీసే ఉంది, బయట బెంచీల మీద జనం. వాళ్ళందరికీ వినపడేలా, "కన్నబిడ్డ విషయంలో కూడా రేట్లు చూస్తారా సార్?" అని మా ఆయన్ని అడిగింది. ఆటోనగర్‌లో పదిమందికి పని చెప్పే మనిషి, తల దించుకుని కూర్చున్నారు.

అక్కడితో ఆగలేదు. ఆలోచించుకుని వస్తామంటే, డాక్టర్ సలహా మేమే వద్దన్నామని రాసున్న ఇంగ్లీషు ఫారం తీసి సంతకం పెట్టమంది. ప్రతి లైనూ చదివాను. పెట్టనన్నాను. సర్జన్ గారితో ఇంకోసారి మాట్లాడాలంటే మళ్ళీ ఓపీ ఫీజు కట్టాలంది. పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చేశాం. బిడ్డ మీది భయాన్ని పట్టుకుని బేరం ఆడటం కన్నా నీచమైన పని ఇంకొకటి లేదు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చెప్పాల్సిన మాటని జీతానికి కూర్చున్న అమ్మాయితో చెప్పించడం ఇంకా తప్పు.

మా ఆడపడుచు చెబితే మహారాణిపేటలో ఇంకో పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్ళాం. "నేను రెండూ చేస్తానమ్మా" అన్నారాయన. స్కాన్ కవరు వెనక్కి తిప్పి బాల్‌పెన్‌తో బొమ్మ గీశారు. ఓపెన్ అంటే గజ్జ మడతలో చిన్న కోత, ఇంచుమించు రెండు సెంటీమీటర్లు. పేగు జారిన ఆ దారి సంచిలా ఉంటుంది, దాన్ని వీర్యనాళం నుంచి, రక్తనాళాల నుంచి జాగ్రత్తగా విడదీసి, ఆ సంచి మెడ దగ్గర ముడి వేస్తారు. పిల్లలకి మామూలుగా మెష్ అక్కర్లేదు. ఆ మెష్ కథంతా పెద్దవాళ్ళది. కీహోల్ అంటే పొట్టలోకి గ్యాస్ నింపి, బొడ్డు దగ్గర కెమెరా పెట్టి, పేగు జారే ఆ దారిని లోపలి నుంచి మూస్తారు.

కీహోల్‌కి ఉన్న అసలు లాభం, రెండోవైపు కూడా దారి తెరుచుకుని ఉందేమో అప్పుడే చూసి మూసేయొచ్చు. రెండువైపులా హెర్నియా ఉన్నవాళ్ళకి, ఒకసారి చేశాక మళ్ళీ వచ్చినవాళ్ళకి అది బాగా పనికొస్తుంది. అయితే రెండోవైపు తెరుచుకుని ఉన్న ప్రతి దారీ హెర్నియాగా మారదు. అందుకని కనిపించినదల్లా మూయాలా అన్నదాని మీద సర్జన్లలోనే ఒకే మాట లేదని ఆయనే చెప్పారు. కీహోల్‌కి గొంతులో గొట్టం వేసి పూర్తి మత్తు ఇస్తారు. ఓపెన్‌కి చాలాసార్లు తేలిక మత్తు, నడుము కింద ఒక ఇంజెక్షన్‌తో సరిపోతుంది. మళ్ళీ వచ్చే అవకాశం రెండిట్లోనూ తక్కువే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని రెండిట్లోనూ ఎక్కువగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళని మాత్రం మత్తు తర్వాత ఊపిరి ఆగుతుందేమోనని రాత్రంతా ఉంచి చూస్తారు.

ఇదంతా చెప్పడానికి ఆయనకి పావుగంట పట్టి ఉంటుంది. మావాడికి ఒక్కవైపే కాబట్టి ఓపెన్ ఎంచుకున్నాం. ఆడపిల్లయినా, రెండువైపులా ఉన్నా నేను కీహోల్ గురించి గట్టిగా ఆలోచించేదాన్ని. మీరు ఏది చేయించినా రెండు ప్రశ్నలు అడగండి: పిల్లలకి ఈ ఆపరేషన్ మీరు తరచూ చేస్తారా? మత్తు డాక్టర్‌కి పసిపిల్లలతో అలవాటు ఉందా? ఈ ప్రశ్నలకి విసుక్కునే డాక్టర్ మనకొద్దు. డబ్బు కష్టమైతే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల సర్జరీ విభాగం ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో అక్కడే కనుక్కోండి.

ఆపరేషన్ రోజు పెద్దగా చెప్పడానికేమీ లేదు. పొద్దున ఇడ్లీ కావాలని వాడు చేసిన గోల తప్ప. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్ళు మాత్రం రెండు గంటల ముందుదాకా తాగొచ్చన్నారు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం.

తారీఖు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఉబ్బు గట్టిపడి లోపలికి వెళ్ళకపోయినా, పిల్లాడు ఆపకుండా ఏడ్చినా, వాంతులైనా, చర్మం ఎర్రబడినా పేగు ఇరుక్కుందేమోనని అనుమానించాలి. ఏడాది నిండని పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. పాలూ అన్నం ఏమీ పెట్టకుండా, అర్ధరాత్రయినా సరే, పిల్లల సర్జన్ ఉన్న ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోండి.