ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఏ కుక్కపిల్లను తెచ్చుకోవాలి: నా అనుభవం

అనంతపురం జిల్లాలో తోటకు కాపలాగా ఉండి, ఇంట్లో పిల్లలతోనూ కలిసిపోయే కుక్క కావాలంటే నా ఓటు నాటు కుక్కకే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో హస్కీనో, చప్పిడి ముక్కు పగ్‌నో పెంచడమంటే దాన్ని హింసపెట్టడమే. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గొర్రెల మందల దగ్గర మంచి నాటు కుక్కలున్నాయి. నేను చూసి ఎంచుకున్నది అలాంటి ఒక దొడ్డిలోనే. పద్ధతి మాత్రం లాబ్రడార్‌కైనా ముధోల్‌కైనా ఇదే.

నాటు ఆడకుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో జత కట్టి, 63 రోజులు అటూఇటుగా, చలికాలానికి ఈనుతాయి. డిసెంబరు నుంచే అడిగి పెట్టుకుంటే సంక్రాంతి దాటాక రెండు నెలల పిల్ల చేతికొస్తుంది. ఎండలు ముదిరేలోపు టీకాలు కూడా ఒక కొలిక్కి వస్తాయి. ఏప్రిల్‌లో తెచ్చిన పిల్లకు ఎండ, గోమార్లు, టీకాలు అన్నీ ఒకేసారి మీదపడతాయి.

"కండ్లు తెరిచినాయి, సంగటి తింటాండాయి, ఎత్తకపో అబ్బీ" అని నెలకే చేతిలో పెట్టేవాళ్ళు చానామంది. తీసుకోకూడదు. 8 వారాలు, అంటే 56 రోజులు తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండాలి. గట్టిగా కొరికితే పక్కపిల్ల కేకేసి ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. పంటి బలాన్ని అదుపులో పెట్టుకోవడం పిల్ల నేర్చుకునేది అట్లానే. నెలకే విడదీసిన పిల్ల మన పిల్లల చేతుల మీద ఆ పాఠం నేర్చుకుంటుంది. అమ్మే పిల్లకు 8 వారాలు నిండి ఉండాలని కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నియమాల్లోనూ ఉంది. చెప్పిన వయసు నమ్మకం కుదరకపోతే నోరు తెరిచి చూడండి. పాలపళ్ళు మూడో వారం నుంచి మొదలై, 8 వారాలకు దాదాపు 28 వచ్చేస్తాయి. వెనక దవడ పళ్ళు ఇంకా పూర్తిగా రాలేదంటే అసలు వయసుకంటే ఎక్కువ చెప్పినట్టే.

పిల్లల కంటే ముందు తల్లిని చూస్తాను. "అన్నా, తల్లిని ఒకసారి విప్పి తీసుకొస్తావా?" అని అడిగితే నిజమైన పెంపకందారు వెంటనే తెస్తాడు. తల్లి లేదు, మేతకు పోయింది, ఊర్లో ఉంది అంటూ దాటేస్తే ఆ పిల్లలు వేరే ఎక్కడినుంచో వచ్చాయని అనుమానించాల్సిందే. పాలిచ్చిన తల్లి కాస్త చిక్కి ఉండటం మామూలే. కానీ చెవుల లోపల గోమార్లు గుత్తులుగా ఉన్నా, చర్మం మీద గజ్జి ఉన్నా పిల్లలకూ అవి అంటుకునే ఉంటాయి. కొత్తమనిషిని చూసి మొరగనీ, తప్పులేదు, అది దాని పని. యజమాని గొంతు వినగానే సర్దుకుంటుందా అన్నదే చూడాలి. యజమాని పక్కనే ఉన్నా మూలకు నక్కి వణికే తల్లి ఈతను నేను మొత్తంగా వదిలేస్తాను. పిరికితనం కొంత పుట్టుకతో వస్తుంది, మిగతాది రోజూ తల్లిని చూసి పిల్ల నేర్చుకుంటుంది.

ఆ తర్వాత ఏ పిల్లనూ ముట్టుకోకుండా ఒక ఇరవై నిమిషాలు దూరంగా కూర్చుంటాను. పడుకున్న చోట పల్చటి విరేచనం ఉందా, అందులో నెత్తురో జిగటో ఉందా చూస్తాను. ఈతలో ఒక్కదానికి వాంతులు, నెత్తుటి విరేచనం, నీరసం కనిపించినా మిగిలినవాటి జోలికి పోకూడదు. పార్వో (పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు) అయితే సోకిన మూడు నుంచి ఏడు రోజుల వరకు పిల్ల మామూలుగానే ఆడుతూ ఉంటుంది. ఈరోజు చెంగుచెంగున గెంతిన పిల్ల మన ఇంటికొచ్చాక పడిపోతుంది.

అందరూ పొరబడేది ఇక్కడే: ఒక్కసారి చూసి తేల్చేయడం. మనవైపు పరిగెత్తుకొచ్చిన పిల్లకు అప్పుడే నిద్రలేచిన హుషారు ఉండొచ్చు. మూలన పడుకున్నది కడుపునిండా పాలు తాగి ఉండొచ్చు. అప్పుడు మనకు కనబడేది ఆ పూట తీరే. అందుకే పొద్దున ఒకసారి, వేరే రోజు సాయంత్రం మేతవేళకు ముందు ఒకసారి చూస్తాను. రెండుసార్లూ నీరసంగా ఉన్న పిల్లను తీసేస్తాను. రెండుసార్లూ తోబుట్టువులను తొక్కి గిన్నె దగ్గర గుర్రుమనేదాన్నీ తీసేస్తాను. పసిపిల్లలూ మేకపిల్లలూ తిరిగే ఇంటికి అంత దూకుడు పనికిరాదు.

ఇక చేతిలోకి తీసుకుని చూసే పని. మొదట చిగుళ్ళు. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. సున్నం రంగు చిగుళ్ళంటే నెత్తురు తగ్గిందని అర్థం. కారణం చాలావరకు కొంకి పురుగులో, గోమార్లో, ఫ్లీ పురుగులో. కొంకి పురుగులు తల్లిపాల ద్వారానే పిల్ల కడుపులోకి పోతాయి, కాబట్టి నేల ముట్టని పిల్లకూ ఉండొచ్చు. మెడ తోలు పట్టి ఎత్తితే అరవని పిల్ల గట్టిదని మా వైపు ఒక లెక్క ఉంది. నెత్తురు లేని పిల్ల కూడా అరవదు! చిగుళ్ళు చూడకుండా ఆ పరీక్షను నమ్మితే ఈతలోకెల్లా జబ్బుపిల్ల ఇంటికొస్తుంది. ఇరవై గోళ్ళ కుక్క కోసం తిరిగేవాళ్ళూ ఉన్నారు. మామూలుగా ఉండేవి ముందు కాళ్ళకు ఐదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18. వెనక అదనంగా వచ్చే రెండు గోళ్ళకు ధైర్యంతో ఏ సంబంధమూ లేదు. పైగా ఎముక లేకుండా తోలుకు వేలాడేవైతే కంపలో చిక్కుకుని చిరుగుతాయి.

పొట్ట మేత తర్వాత ఉబ్బి ఉంటే ఫరవాలేదు. మేతకు ముందే డప్పులా ఉండి, వీపు ఎముకలు చేతికి తగులుతుంటే ఏలిక పాములున్నట్టు. ఇది మందుతో పోయేదే, ఇంకే లోపమూ లేకుంటే పిల్లను వదులుకోనక్కర్లేదు. బొడ్డు దగ్గర శనగ గింజంత మెత్తటి ఉబ్బు ఉండి, నొక్కితే లోపలికి పోతే డాక్టరుకు చూపించి తీసుకోవచ్చు. వేలు దూరేంత పెద్దదైనా, గట్టిగా ఉండి లోపలికి పోకపోయినా వద్దు. చెవిలో కాఫీపొడి లాంటి నల్లటి మురికి, వాసన ఉంటే చెవి పురుగులు. ఒంటి మీది నల్లటి పొడిని తడి తెల్లకాగితం మీద దులిపితే ఎర్రగా మారిందా, అది ఫ్లీ పురుగుల రెట్ట. కళ్ళ చుట్టూ, మూతి మీద దురద లేకుండా వెంట్రుకలు రాలితే ఒకరకం గజ్జి. చెవి అంచులు, మోచేతులు గోక్కుని గోక్కుని పొక్కులు కట్టినది ఇంకోరకం. ఈ రెండోది మనుషులకూ అంటుకుంటుంది. మగపిల్లైతే ఈ వయసుకు రెండు వృషణాలూ చేతికి తగలాలి.

నడక మట్టినేల మీద చూడాలి. పాలిష్ కొట్టిన కడప బండల మీద మంచి పిల్ల కూడా కాళ్ళు జారి కుంటుతున్నట్టే కనిపిస్తుంది. వెనకనుంచి చూస్తే వెనక కాళ్ళు రెండూ సమానంగా పడాలి, కుందేలులా రెండు కాళ్ళూ కలిపి గెంతుతూ పోకూడదు.

స్వభావం చూడటానికి 49వ రోజు చుట్టుపక్కల చేసే వోల్‌హార్డ్ పరీక్ష అని ఒకటుంది. నేను దాన్ని కొంత తగ్గించి వాడతాను. పిల్లలను ఒక్కొక్కటిగా, తల్లికీ తోబుట్టువులకూ కనబడని, అవి ఎప్పుడూ చూడని చోటికి తీసుకెళ్ళాలి. మేతకు ముందు, మెలకువగా ఉన్నప్పుడు చేయాలి. చేసేది వాటికి కొత్త మనిషై ఉండాలి. ఐదారడుగుల దూరంలో గొంతుక్కూర్చుని మెల్లగా చప్పట్లు కొడితే వస్తుందా, లేచి నడిస్తే వెంట వస్తుందా చూస్తాను. వెల్లకిలా తిప్పి ఛాతీ మీద చెయ్యి వేసి 30 సెకన్లు ఉంచుతాను. కాసేపు గింజుకుని సర్దుకునేది ఇంటికి బాగుంటుంది. ఆపకుండా పోరాడి కొరికేదానికి అనుభవమున్న చెయ్యి కావాలి. కదలకుండా బిర్రబిగుసుకుపోయి చూపు తిప్పేసుకునేదాన్ని చాలామంది 'సాధువు' అనుకుంటారు. అది భయం.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది స్టీలు పళ్ళెం. పిల్లకు ఆరడుగుల దూరంలో నేల మీద పడేస్తాను. ఉలిక్కిపడటం తప్పుకాదు. ఉలిక్కిపడి, తేరుకుని, పళ్ళేన్ని వాసన చూడటానికి వస్తే అదే నాకు కావలసిన పిల్ల. రెండు మూడు నిమిషాలైనా తేరుకోకుండా, ముక్కు దగ్గర పెట్టిన ముద్దనూ ముట్టకుంటే తోట కాపలాకు కష్టం. అసలు ఉలిక్కిపడనే లేదంటే ధైర్యమని మురిసిపోవద్దు, చెవుడు ఉందేమో చూడండి. ఒంటరిగా నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి, గాలి తగలకుండా, నేల అదరకుండా తాళంచెవుల గుత్తి మోగిస్తే తెలిసిపోతుంది. తెల్లటి ఒంటి కుక్కల్లో, ముఖ్యంగా రాజపాళయం, డాల్మేషన్ పిల్లల్లో, ఇది తప్పకుండా చూడాలి. మందలో ఉన్నప్పుడు చెవిటి పిల్ల మిగతావాటిని చూసి లేచి పరిగెడుతుంది కాబట్టి దొరకదు.

ఈ పరీక్షలు మరీ చెడ్డదాన్ని తీసేయడానికి పనికొస్తాయి గానీ, రెండేళ్ళ తర్వాత కుక్క ఎట్లా ఉంటుందో చెప్పలేవు. మూడో వారం నుంచి 12, 14 వారాల లోపు పిల్ల ఎంతమంది మనుషులను, ఎన్ని శబ్దాలను చూసిందన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. అందుకే మనుషులు తిరిగే దొడ్డిలో, మేకల అరుపులు, మోటారు చప్పుడు వింటూ పెరిగిన ఈతకు నా మొదటి మొగ్గు.

తీసుకునే ముందు అడగాల్సిన పెద్ద ప్రశ్న: నట్టల మందు ఏది, ఎప్పుడు, ఎంత? గొర్రెలకు తాగించే మందునే చేతి అంచనాతో పిల్లలకూ పోసేవాళ్ళున్నారు. ఆ మందు ఐవర్‌మెక్టిన్ అయితే, మోతాదు మించితే పిల్ల చచ్చిపోవచ్చు కూడా. గొర్రెల ఒంటికి కొట్టే గోమార్ల మందూ అంతే. కుక్కపిల్లకు నట్టల మందు రెండో వారం నుంచి 12 వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, బరువు తూచి వేయాలి. ఎవరూ రాసి పెట్టుకోకపోతే వేయలేదనే అనుకుని డాక్టరు దగ్గర మొదలుపెట్టడం మేలు.

ప్రయాణానికి రెండు మూడు గంటల ముందు మేత ఆపి, చల్లపూట, గాలి ఆడే అట్టపెట్టెలో తెచ్చుకోవాలి. తల్లి పడుకున్న గోనెపట్టా ముక్క ఒకటి అడిగి పెట్టెలో వేస్తే మొదటి రాత్రుళ్ళు ఏడుపు తగ్గుతుంది. అక్కడ రాగిసంగటి, మజ్జిగ తింటుంటే మొదటి రెండు మూడు రోజులు అదే, రోజుకు నాలుగుసార్లు. తర్వాత వారం రోజుల్లో కొద్దికొద్దిగా గుడ్డు, ఉడికించిన ఎముక లేని మాంసం కలుపుతూ మార్చాలి. ఒక్కసారిగా గిన్నెడు ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, అది పార్వోనేమోనని ఇల్లంతా కంగారు.

ఇంతకుముందు మీ ఇంట్లో పార్వోతో కుక్క పోయి ఉంటే ఆ క్రిమి నేలలో ఏడాది దాకా బతకగలదు. గచ్చును కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టి వాకిలికి ఇది పని చేయదు, అలాంటి చోట పిల్లను వదలకుండా టీకాలు పూర్తయ్యేదాకా గచ్చు మీదే ఉంచండి. మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు. తెచ్చిన రెండు రోజుల్లోపే పిల్లనూ, చిన్న డబ్బాలో ఆ పొద్దుటి విరేచనాన్నీ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, ఏ పురుగుకు ఏ మందో అక్కడే తేలుతుంది. ప్రొద్దుటూరు చుట్టుపక్కల వాళ్ళకైతే పశువైద్య కళాశాలే దగ్గర. డాక్టరు లోపం పట్టుకుంటే వెనక్కి తీసుకుంటానన్న మాట మాత్రం దొడ్డి యజమాని దగ్గర ముందే, పిల్లను పెట్టెలో పెట్టకముందే అనిపించుకోవాలి.