గడ్డి చేమంతి పసరు

ఇప్పుడు మెడ మీద చెయ్యి వేస్తే చర్మం మామూలుగానే తగులుతోంది. నల్లమచ్చలు ఇంకా ఉన్నాయి గానీ దురద లేదు. అందుకే ఇవాళ కూర్చుని రాయగలుగుతున్నాను.

మాది పల్నాడులో పత్తి, మిరప పండే ఊరు. శ్రావణంలో వానలు పడ్డాక గట్ల నిండా వయ్యారిభామ కలుపు మోకాలెత్తు లేచింది. రెండు రోజులు ఉత్త చేతులతో పీకాను. మూడో రోజుకి మోచేతి మడతల్లో, మెడ చుట్టూ, కనురెప్పల మీద ఎర్రగా దద్దుర్లు, ఒకటే దురద. ఏటా కాస్త వచ్చి పోయేదే కదా అని పట్టించుకోలేదు.

మా అత్తయ్యకి ఆకు వైద్యం మీద గట్టి నమ్మకం. అది ఊరికే రాలేదు. మా పెద్దోడికి చిన్నప్పుడు తొడ మీద తామర వస్తే కుప్పింటాకు ఉప్పుతో నూరి పది రోజులు పట్టించింది, పోయింది. కొడవలి తెగితే మా ఇంట్లో గడ్డి చేమంతి ఆకు నలిపి పసరు పిండాల్సిందే. నాకూ అదే ఆకు గుప్పెడు కోసుకొచ్చి, పసుపు వేసి నూరి మెడకీ మొహానికీ పట్టించింది. చల్లగా హాయిగా అనిపించింది. సాయంత్రం ఇంకోసారి పూయించుకున్నాను.

పన్నెండు దాటాక మంట మొదలైంది, ఎండుకారం రాసినట్టు. లేచి లైటు వేద్దామంటే కళ్ళు తెరుచుకోవు. రెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయి. మెడ తడిగా ఉంటే చెమట అనుకుని తుడిచాను, చేతికి జిగురుగా తగిలింది. "అమ్మా, నీ మొహం అట్లా ఉందేంటి" అని చిన్నది ఏడుస్తోంది. దాని గొంతు వినపడుతోంది, మనిషి కనపడదు. చూపు పోయిందనే అనుకున్నాను. మా ఆయన ఊళ్ళో లేరు. అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని, కుండనీళ్ళలో పాత పంచె ముక్క తడిపి కళ్ళ మీద వేస్తూ కూర్చుంది. గుడ్డ వేడెక్కగానే తీసి మళ్ళీ తడిపేది. తెల్లారేదాకా అంతే. "నేనే చేశానే తల్లీ" అని ఒకటే గొణుక్కుంటోంది.

పొద్దున చూడ్డానికొచ్చిన బంధువు ఒకామె గుమ్మంలోనే ఆగి, "పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ఏ పెద్ద రోగమో" అంది. ఇది అంటుకునేది కానే కాదు. కానీ ఆ రోజంతా చిన్నది నా మంచం దగ్గరికి రాలేదు. ఆ మాట నేను మర్చిపోలేను.

మొదట చూపించిన డాక్టరుగారు "ఆకులూ అలములూ పూసుకుని చివర్లో మా దగ్గరికొస్తారు" అని అత్తయ్య మీద కేకలేశారు. ఏం పూశారో, అసలు ఎలా మొదలైందో అడగలేదు. మర్నాడు గుంటూరులో చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "పొలంలో ఏం పీకావమ్మా?" చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

వయ్యారిభామలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, అది నాకు పడలేదు. గడ్డి చేమంతీ ఆ కుటుంబం మొక్కేనట. చామంతి, పొద్దుతిరుగుడు కూడా. ఒకటి పడని ఒంటికి మిగతావీ పడకపోవచ్చు. వయ్యారిభామని మన దేశంలో 1950ల్లో పుణె దగ్గర గుర్తించారు. అత్తయ్య ఈ వైద్యం నేర్చుకుంది వాళ్ళ అమ్మమ్మ దగ్గర. ఆ పెద్దావిడ ఆకులు నేర్చుకున్న నాటికి ఈ కలుపే మన పొలాల్లో లేదు. ఇక మా అత్తయ్యది తప్పెలా అవుతుంది?

మాత్రలు మెల్లగా తగ్గించుకుంటూ వాడాను, క్రీములు రాశాను, నా ఒంటికి ఏవి పడవో తెలుసుకోడానికి వీపు మీద పట్టీలు వేసి పరీక్ష చేశారు. ఐదు వారాలు పట్టింది.

వయ్యారిభామ పీకేటప్పుడు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. పూత రాకముందే పీకండి, పీకింది తగలబెట్టకండి. కళ్ళు వాచినా, చర్మం నుంచి నీరు కారినా ఏ ఆకూ పెట్టొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏం పీకారో, ఏం పూశారో దాచకుండా చెప్పండి.

ఇప్పుడు చామంతులు మా గడప దాటి లోపలికి రావు. ఈ దసరాకి అత్తయ్య అమ్మవారికి మందారాలే పెట్టింది. "ఆవిడేమీ అనుకోదులే" అంది.