పార్థెనాన్‌లో తిన్నటి గీత కోసం వెతక్కండి

గ్రీకు ఆర్ట్ అనగానే తెల్లటి పాలరాతి విగ్రహాలే గుర్తొస్తాయి కదా, నిజానికి వాటిలో చాలావాటికి ఎరుపు, నీలం లాంటి రంగులు దట్టంగా వేసేవాళ్లు, వందల ఏళ్ల ఎండకీ వానకీ రంగు పోయి రాయి మిగిలింది అంతే.

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ గుట్ట మీదున్న పార్థెనాన్ గుడి ఒక్కటి సరిగ్గా చూస్తే సగం సబ్జెక్ట్ అర్థమైపోద్ది. క్రీ.పూ. 447లో మొదలెట్టి 438కల్లా గుడి లేపేశారు, శిల్పాలు మాత్రం 432 దాకా సాగాయి. ఆర్కిటెక్టులు ఇక్టినోస్, కల్లిక్రటీస్, శిల్పాల పని ఫిడియాస్ చూసుకున్నాడు. ముందు 8, పక్కన 17 స్తంభాలు, డోరిక్ స్టైల్, అంటే స్తంభానికి కింద విడిగా పీఠం ఉండదు, పైన సాదా దిమ్మె. మిగతా రెండు గ్రీకు స్టైళ్లలో అయానిక్‌కి పైన చుట్టలుంటాయి, కొరింథియన్‌కి ఆకులు.

నాకు మతిపోయేది ఎక్కడంటే, స్తంభాలు నిలబడ్డ గచ్చు కూడా చదునుగా ఉండదు, పొడుగు వైపు మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటది, స్తంభాలు నడుం దగ్గర కాస్త లావు, పైగా లోపలికి వాలి ఉంటాయి, మూలవి ఇంకొంచెం మందం! కంటికి తిన్నగా కనబడాలని చేశారని కొందరు, వాన నీళ్లు జారడానికని ఇంకొందరు, నేనైతే రెండూ అంటా.

1687లో, అప్పట్లో ఏథెన్స్‌ని ఏలుతున్న ఒట్టోమన్ టర్కులు లోపల దాచిన మందుగుండు మీద వెనీస్ వాళ్ల గుండు పడి మధ్య భాగమంతా పేలిపోయింది. తర్వాత బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ దొర శిల్పాల్లో చాలా భాగం లండన్ పట్టుకుపోయాడు, గ్రీస్ ఇప్పటికీ ఇవ్వమని అడుగుతూనే ఉంది. ఆ శిల్పాలు ఉన్నది మన అమరావతి స్తూపం ఫలకాలున్న బ్రిటిష్ మ్యూజియంలోనే, లండన్‌లో ఉన్నోళ్లు రెండూ ఒకేసారి చూసేయొచ్చు, టికెట్ కూడా లేదు.