ఫ్రీమేసన్ల గుమ్మం ఎవరికి తెరుచుకుంది?

1775 మార్చి 6న బోస్టన్‌లో పదిహేను మంది నల్లజాతి మగవాళ్లు ఫ్రీమేసన్లుగా దీక్ష తీసుకున్నారు, అంటే సోదరభావం పేరుతో నడిచే ఒక అంతరంగిక సంఘంలో చేరారు. బానిసలు కారు, స్వతంత్రులు. వాళ్లలో ముఖ్యుడు ప్రిన్స్ హాల్, తోలు పని చేసి బతికేవాడు. వాళ్లని చేర్చుకుంది ఊళ్లోని తెల్లవాళ్ల లాడ్జ్ (ఈ సంఘం శాఖని అలా అంటారు) కాదు, అప్పుడు బోస్టన్‌లో మకాం వేసిన బ్రిటిష్ సైన్యంలోని లాడ్జ్. 38వ పదాతి దళం ఎక్కడికి పోతే ఈ లాడ్జ్ కూడా అక్కడికే, నంబరు 441, పర్మిషన్ ఇచ్చింది ఐర్లండ్ గ్రాండ్ లాడ్జ్, అంటే లాడ్జ్‌లన్నిటి మీదా ఉండే పై సంస్థ. నెలన్నర తిరక్కుండానే లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, మరుసటి ఏడాది మార్చిలో సైన్యం బోస్టన్ ఖాళీ చేసింది. ఈ పదిహేను మందికీ మిగిలింది చిన్న అనుమతి మాత్రమే: కలుసుకోవచ్చు, సెయింట్ జాన్ పండగ రోజు ఊరేగింపు తీయొచ్చు, తమలో ఎవరైనా పోతే మేసన్ల పద్ధతిలో అంత్యక్రియలు చేసుకోవచ్చు. కొత్తవాళ్లని చేర్చుకోవడానికి మాత్రం లేదు.

ఫ్రీమేసన్ల గురించి ఎవరు అడిగినా నేను ముందు ఈ కథే చెప్తాను. ప్రపంచాన్ని తెర వెనక నుంచి ఆడిస్తున్నారు, డాలర్ నోటు మీద కన్ను గీశారు అనే వీడియోలు ఎన్ని వచ్చినా వాటిలో నాకు సరుకు కనిపించలేదు. అసలు చరిత్రలో నన్ను పట్టి కూర్చోబెట్టిన ప్రశ్న ఒక్కటే. మనుషులంతా సోదరులే అని పుస్తకంలో రాసుకున్న సంఘం, ఒక్కో దేశానికి వెళ్లాక ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని గుమ్మం బయటే ఆపింది?

మొదలు స్కాట్లండ్‌లో. రాజుగారి కట్టడాల పనులు చూసే విలియం షా అనే అధికారి 1598లోనూ 1599లోనూ రాళ్లు చెక్కే పనివాళ్ల (మేసన్ అంటే వాళ్లే) సంఘాలకి రాతపూర్వకంగా నియమాలు పెట్టాడు, ఎడిన్‌బరో లాడ్జ్ మీటింగుల పుస్తకం 1599 నుంచి ఇప్పటికీ ఉంది. తర్వాత మెల్లగా ఉలి ఎప్పుడూ పట్టనివాళ్లు కూడా చేరడం మొదలైంది. 1641లో సర్ రాబర్ట్ మోరే అనే సైనికాధికారి న్యూకాజిల్‌లో మేసన్ అయ్యాడు. స్కాట్లండ్ సైన్యం ఆ ఊరిని పట్టుకుని ఉన్నప్పుడు, ఆ సైన్యంలోనే ఉన్న ఎడిన్‌బరో లాడ్జ్ సభ్యులు ఆయన్ని చేర్చుకున్నారు. అంటే ఇంగ్లండ్ గడ్డ మీద మనకి రికార్డు దొరికిన తొలి దీక్షల్లో ఒకటి కూడా సైన్యం వెంటే వచ్చింది, ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

లండన్‌లో నాలుగు లాడ్జ్‌లు కలిసి సెయింట్ పాల్స్ చర్చి పక్కన ఒక మద్యం దుకాణంలో 1717 జూన్ 24న మొదటి గ్రాండ్ లాడ్జ్ పెట్టుకున్నాయని మేసన్లు చెప్పుకుంటారు. అది నిజానికి 1721లో జరిగిందని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది 1723లో జేమ్స్ ఆండర్సన్ పేరుతో వచ్చిన రాజ్యాంగం, అంటే ఈ సంఘం నియమాల పుస్తకం. అందరూ ఒప్పుకునే మతం ఒకటి ఉంటే చాలు, ఆపైన ఎవరి నమ్మకం వాళ్లు తమ దగ్గర పెట్టుకోవచ్చు అని అందులో రాశారు. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకళ్లనొకళ్లు చంపుకున్న తరాలు ఇంకా జ్ఞాపకంలో ఉన్న కాలంలో ఇలా అచ్చు వేయడం చాలా పెద్ద విషయం, నాకు ఇప్పటికీ ఆ వాక్యం మీద గౌరవం ఉంది. కానీ అదే పుస్తకంలో బానిసలు వద్దు, ఆడవాళ్లు వద్దు అని కూడా ఉంది.

ఇక రూలు పుస్తకం కంటే గట్టిది ఓటింగ్ పెట్టె. కొత్త మనిషి దరఖాస్తు వస్తే సభ్యులు ఒక్కొక్కరూ వచ్చి తెల్ల గోళీయో నల్ల గోళీయో పెట్టెలో వేస్తారు. ఇంగ్లండ్ పద్ధతిలో మూడు నల్లవి పడితే ఆ మనిషికి ప్రవేశం లేదు, ఒకటో రెండో పడినా చాలని లాడ్జ్ తన సొంత నియమం పెట్టుకోవచ్చు. ఎవరు వేశారో తెలియదు, ఎందుకు వేశారో చెప్పక్కర్లేదు. పైన రాజ్యాంగం ఎంత ఉదారంగా ఉన్నా కింద ఒక్క గది నిండా ఉన్న మనుషుల ఇష్టాయిష్టాలే నడుస్తాయి. అందుకే ఈ సంఘం చరిత్ర ఊరూరికీ అంత తేడాగా ఉంటుందని నా అభిప్రాయం.

తేడా అంటే మామూలు తేడా కాదు. 1738లోనే పోప్ దీన్ని నిషేధించాడు. దాంతో చర్చి బలంగా ఉన్న దేశాల్లో మేసన్లు అంటే చర్చికి ఎదురు తిరిగినవాళ్లు అన్న ముద్ర పడింది. ఫ్రాన్స్‌లోని గ్రాండ్ ఓరియంట్ (అక్కడి లాడ్జ్‌ల పై సంస్థ) 1877లో దేవుడి మీద నమ్మకం ఉండాలన్న షరతే తీసేసింది, ఇంగ్లండ్ వాళ్లు సంబంధం తెంపేసుకున్నారు, ఆ చీలిక ఈరోజుకీ అతకలేదు. స్వీడన్‌లో పూర్తిగా రివర్స్, క్రైస్తవుడు కాకపోతే అసలు చేర్చుకోరు. మెక్సికోలో 1820ల్లో రెండు రకాల లాడ్జ్‌లు ఏకంగా రెండు రాజకీయ పార్టీల్లా తయారయ్యాయి.

బోస్టన్ సంగతికొస్తే, ప్రిన్స్ హాల్ లండన్‌కి ఉత్తరాలు రాసి 1784లో సొంత చార్టర్, అంటే లాడ్జ్ నడుపుకునే పూర్తి అనుమతి పత్రం, సంపాదించాడు, ఆ కాగితం బోస్టన్ చేరేసరికి 1787 అయింది. ఆఫ్రికన్ లాడ్జ్, నంబరు 459. ఆయన దాన్ని ఊరికే పూజలకీ విందులకీ వాడలేదు. బానిసత్వం రద్దు చేయమని 1777లోనే మసాచుసెట్స్ శాసనసభకి వెళ్లిన అర్జీ మీద ఆయన సంతకం ఉంది, నల్లవాళ్లని ఎత్తుకుపోయి అమ్మేయడం మీద కూడా పోరాడాడు. అయినా అమెరికాలోని తెల్లవాళ్ల గ్రాండ్ లాడ్జ్‌లు ఆ పరంపరని అసలైన మేసన్రీ కాదని తోసిపుచ్చాయి. కనెక్టికట్ వాళ్లు గుర్తించింది 1989లో. రెండు వందల ఏళ్లు పట్టింది, అది చదివినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది.

మన దేశానికి ఈ సంఘం ఈస్టిండియా కంపెనీ ఓడల్లోనూ రెజిమెంట్ల పెట్టెల్లోనూ వచ్చింది. సైన్యంతో పాటు తిరిగే లాడ్జ్‌లకి ఐర్లండ్ 1732 నుంచే పర్మిషన్లు ఇవ్వడం మొదలుపెట్టింది కాబట్టి, సైన్యం ఎక్కడ ఉంటే అక్కడ లాడ్జ్ వెలిసేది. కలకత్తాలో 1730 ప్రాంతం, మద్రాసులో 1752, బొంబాయిలో 1758. మొదట అంతా తెల్లవాళ్లే. భారతీయుల్లో మొదట లోపలికి వెళ్లింది ఎవరంటే ఆర్కాట్ నవాబు కొడుకు ఉమ్దత్ ఉల్ ఉమ్రా, 1770ల్లో తిరుచిరాపల్లిలో. రాజవంశం వాడికి గుమ్మం దగ్గర ఇబ్బంది ఏముంటుంది, లండన్ గ్రాండ్ లాడ్జ్ ఆయనకి గౌరవంగా మేసన్లు నడుముకి కట్టుకునే ఏప్రాన్ కూడా పంపింది.

ఇబ్బందంతా మధ్యతరగతి చదువుకున్నవాళ్లకి. బొంబాయిలో మానక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీ పెద్దమనిషి చేరతానంటే అక్కడి లాడ్జ్ కుదరదంది. ఆయన యూరప్ వెళ్లినప్పుడు పారిస్‌లో మేసన్ అయ్యి, సర్టిఫికెట్‌తో తిరిగొచ్చినా మళ్లీ అదే జవాబు! అప్పుడు స్కాట్లండ్ గ్రాండ్ లాడ్జ్ తరఫున అధికారంలో ఉన్న డాక్టర్ జేమ్స్ బర్న్స్, భారతీయులని చేర్చుకోవడం కోసమే 1843లో రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా అనే లాడ్జ్ పెట్టాడు. పార్సీలూ ముస్లింలూ ముందుగా చేరారు. ఈ బర్న్స్ తమ్ముడు అలెగ్జాండర్ బర్న్స్ అంతకు రెండేళ్ల ముందే కాబూల్‌లో అల్లరి మూక చేతిలో చనిపోయాడు. అంత దుఃఖంలో ఉన్న మనిషి అటువైపు జనం మీద పగ పెంచుకోకుండా ఈ తలుపు తెరిచాడంటే నాకు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం.

హిందువుల కేసు ఇంకా ముదిరింది. బెంగాల్లో ఆసియా వాళ్లని చేర్చుకోవాలంటే ప్రాంతీయ గ్రాండ్ మాస్టర్, అంటే ఆ ప్రాంతపు లాడ్జ్‌ల పెద్ద, అనుమతి ఉండాలని ఏకంగా ఒక రూలు ఉండేది. కలకత్తా వ్యాపారి ప్రసన్న కుమార్ దత్ 1863లో మొదలుపెట్టి 1872 దాకా పోరాడాల్సి వచ్చింది. ఎదుటివాళ్ల వాదన ఏంటంటే, హిందువులకి చాలామంది దేవుళ్లు, మరి ఒకే పరమాత్మ మీద ప్రమాణం ఎలా చేస్తారు, పైగా కులం పాటించేవాడికి సోదరభావం ఏంటి అని. మొదటి ప్రశ్నకి మన దగ్గర ఏ ఊరి పురాణ కాలక్షేపానికి వెళ్లినా జవాబు దొరుకుతుంది. రెండోది మాత్రం న్యాయమైన ప్రశ్నే, కాకపోతే రంగు చూసి ఓటు వేసేవాళ్లు అడగాల్సింది కాదు. దత్‌ని చివరికి చేర్చుకున్న యాంకర్ అండ్ హోప్ లాడ్జ్‌లోనే 1884లో నరేంద్రనాథ్ దత్తా అనే కుర్రాడు కూడా చేరాడు. మనం వివేకానందుడు అంటున్నది ఆయన్నే.

ఇంకో రెండేళ్లకి లాహోర్‌లో కుర్రవాడైన రుడ్యార్డ్ కిప్లింగ్ చేరినప్పుడు, ఒక డిగ్రీ (సభ్యత్వంలో ఒక మెట్టు) ఇచ్చింది బ్రహ్మసమాజం మనిషి, ఇంకోటి ముస్లిం, మూడోది ఇంగ్లిష్ వాడు, గుమ్మం దగ్గర కాపలా ఉన్నది యూదుడు అని ఆయనే తర్వాత రాసుకున్నాడు. హైదరాబాద్‌లో అయితే రామదాసుని చెరసాలలో పెట్టించిన తానీషా కట్టించిన గోషామహల్ బారాదరి, నిజాం కాలంలో 1870ల నుంచి మేసన్ల చేతికొచ్చింది.

1961 నవంబర్‌లో ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది, రాంపూర్ నవాబు మొదటి గ్రాండ్ మాస్టర్. పాత లాడ్జ్‌లకి ఇందులో చేరే స్వేచ్ఛా ఇచ్చారు, ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌ల కిందే ఉండిపోయే స్వేచ్ఛా ఇచ్చారు, అందుకే ఇప్పటికీ కొన్ని అలా ఉన్నాయి. ఇక్కడి లాడ్జ్‌లో వేదిక మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్, పార్సీల జెండ్ అవెస్తా, గురు గ్రంథ సాహిబ్ పక్కపక్కన ఉంటాయి, ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేయొచ్చు. 1723 నాటి ఆ వాక్యాన్ని లండన్ కంటే మనవాళ్లే ఎక్కువ దూరం తీసుకెళ్లారని నేను గర్వంగానే చెప్తాను.

ఆడవాళ్ల విషయంలో మాత్రం ఆ గర్వం నిలవదు. పుట్టుకతోనే స్వతంత్రుడై ఉండాలన్న షరతుని ఇంగ్లండ్ 1847లో సడలించింది, మగవాడై ఉండాలన్నది సడలించలేదు, గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా కూడా అదే పట్టుకుని ఉంది. 1893లో పారిస్‌లో ఆడా మగా కలిసి ఉండే సంఘం ఒకటి పుట్టింది, అనీబిసెంట్ 1902లో అందులో చేరి మన దేశానికీ తీసుకొచ్చింది. దాన్ని ఇంగ్లండ్ వాళ్లూ, వాళ్ల దారిలో నడిచే మన గ్రాండ్ లాడ్జ్ కూడా ఇప్పటికీ తమలో ఒకటిగా లెక్కలోకి తీసుకోరు.