వృద్ధాశ్రమానికి పిల్లల్ని తీసుకెళ్తున్నారా?
బస్సు నిండా జనాన్ని దింపకండి. పదిమంది చాలు, ఒక్కో పెద్దాయన దగ్గర ఇద్దరు. ఉదయం 10 నుంచి 11:30 లోపు ముగించాలి. భోజనమయ్యాక కునుకు తీస్తారు, మే నెల బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం అసలు వద్దు.

చెవులు సరిగా వినపడనివారి దగ్గర అరవొద్దు. వయసుతో ముందు వినిపించకుండా పోయేవి సన్నటి, కీచు శబ్దాలు. అరిస్తే గోలే తప్ప మాట తెలియదు. ఫ్యానుకు దూరంగా, వెలుతురు మన ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడాలి.

బందరు లడ్డూ పెట్టెలు పట్టుకెళ్తారు, చాలామందికి షుగరు! కొబ్బరిబోండాలు మంచివే అనుకుంటాం గానీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకు వాటిలోని పొటాషియం ప్రమాదం. అరటిపళ్లూ అంతే. ముందురోజే ఆశ్రమం నర్సుని అడగండి.

"మీ పిల్లలెక్కడ?" అని మాత్రం అడగొద్దు. "మామ్మగారూ, గోంగూర పచ్చడిలో ఎండుమిర్చి ఎన్ని వేసేవారు?" అనండి, గుంటూరు వాళ్లయితే గంటసేపు వదలరు.