మా ఇంటి లాకౌట్

"ఓనర్లే ఒప్పుకున్నారమ్మా. నువ్వెప్పుడు ఒప్పుకుంటావు?"

ఈ నెల, అంటే 2013 జనవరి, ఆరో తేదీ ఆదివారం పొద్దున పదేళ్ళ మా వాడు అడిగిన ప్రశ్న ఇది. న్యూయార్క్‌లో పదహారు గంటలు ఏకబిగిన కూర్చుని ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్ల ఓనర్లూ ఆటగాళ్ళూ రాజీకి వచ్చారని టీవీలో చెప్తున్నారు. లాకౌట్ మొదలై అప్పటికి 113 రోజులు. వాడు సోఫా మీద గంతులేస్తున్నాడు. నేను పెనం మీద దోసె తిప్పుతూ "మంచిదే కదా నాన్నా" అన్నాను. ఆ అనడంలోనే దొరికిపోయినట్టున్నాను.

దాచి లాభం లేదు, చెప్పేస్తాను. ఈ లాకౌట్ ఇంకొన్నాళ్ళు సాగితే బాగుండునని కోరుకున్న మనిషి కెనడా మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కారణం శనివారం. సాయంత్రం ఏడింటికి హాకీ. మా తెలుగు క్లాసు ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. పోయినేడాది ప్రతి శనివారం నాలుగున్నరకల్లా వాడికి కడుపునొప్పి వచ్చేది. బూట్లు కనిపించేవి కావు. దొరికాక చూస్తే ఒక్కటే దొరికేది. కారులో ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. తిరిగొచ్చేటప్పుడు వాడు రేడియో పెట్టమనేవాడు, నేను 'ఇవాళ ఏం నేర్చుకున్నావు' అని అడిగేదాన్ని. ఏమీ నేర్చుకోలేదని చెప్పేవాడు. అది అబద్ధం కూడా కాదేమో.

సెప్టెంబరు 15, శనివారం. ఈ ఏడాది క్లాసులు మొదలైన రోజు. సరిగ్గా ఆ అర్ధరాత్రే ఆటగాళ్ళ కాంట్రాక్టు ముగిసి ఓనర్లు తాళాలు వేశారు. దేవుడున్నాడు అనుకున్నాను. అక్టోబరు, నవంబరు, ఒక్క కడుపునొప్పి లేదు. గుణింతాలు అయిపోయి ఒత్తులకు వచ్చాడు. నవంబరు మొదట్లో జనవరి 1న జరగాల్సిన మ్యాచ్ కూడా రద్దు చేశారు, టొరంటో, డెట్రాయిట్ జట్లు మిషిగన్‌లో పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడాల్సింది. వాడు మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. నేను వీపు నిమురుతూ మనసులో లెక్కేసుకుంటున్నాను, అయితే సంక్రాంతి దాకా ఢోకా లేదన్నమాట అని.

ఇది చాలదన్నట్టు ఆ రోజుల్లోనే ఒకరింట్లో దీపావళి భోజనాలప్పుడు, పిల్లలు తెలుగు క్లాసుకి రావడం లేదని బాధపడుతున్న ఇద్దరు తల్లులకి నేను సలహా ఇచ్చాను. "మనం గట్టిగా ఉండాలండీ. మా వాడు ఒక్క శనివారం కూడా మానలేదు." ఆ ఘనత న్యాయంగా లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్‌ది. నేను కొట్టేశాను.

నవంబరు చివర్లో మా అత్తయ్య, మామయ్య కొత్తగూడెం నుంచి సూపర్ వీసా మీద, అంటే ఇక్కడున్నవాళ్ళ తల్లిదండ్రులకి ఇచ్చే వీసా మీద, వచ్చారు. మామయ్య సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. బయట మంచు, ఇంట్లో మంకీ క్యాప్, చేతికి పేపరు లేదు. వారం తిరక్కుండా ఆయనకి కాలక్షేపం దొరికింది. టీవీలో హాకీ చర్చల వార్త కనబడగానే "లాకౌటా?" అని లేచి కూర్చున్నారు.

డిసెంబరులో ఇక్కడ ఒంటారియోలో ప్రైమరీ టీచర్లు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రోజు సమ్మె చేశారు. మా వాడికీ ఒకరోజు సెలవు. ఇది సమ్మె ఎందుకైంది, అది లాకౌట్ ఎందుకైంది అని తాతని అడిగాడు. వాడి ఇంగ్లీషు సగం, తెలుగు సగం.

"సమ్మె అంటే మేము బాయిల దిగము అనుడు," అన్నారు మామయ్య. బావి అంటే గని. "లాకౌట్ అంటే మీరు దిగొద్దని వాళ్ళు గేటుకి తాళమేసుడు."

వాడు కాసేపు ఆలోచించాడు. "మరి అమ్మ రిమోట్ దాచింది కదా, అది?"

"అది లాకౌటే."

నేను పక్కనే ఉన్నాను. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడటంలో మునిగిపోయినట్టు నటించాను.

ఇక రోజూ అదే గోల. ఆదాయంలో ఆటగాళ్ళకి ఇంతకు ముందు 57 శాతం వచ్చేదట, ఇప్పుడు సగమే ఇస్తామంటున్నారట. "సగం సగం అన్నోడు సగంతో ఆగడు, రాసిపెట్టుకో," అని తాత. రష్యన్ స్టార్ ఆటగాడు ఒవెచ్‌కిన్ మాస్కో వెళ్ళి అక్కడి జట్టుకి ఆడుతున్నాడని మనవడు చెప్తే, "మరి మిగిలినోళ్ళకి కిరాణా కొట్టోడు ఉద్దెర ఇస్తుండా?" అని ఆయన సందేహం. కోట్ల జీతాలు తాతా అని వీడు. కోట్లయినా బేరం బేరమేరా అని ఆయన. ఉద్దెర, బేరం, గేటు మీటింగు, మస్టరు... ఏ క్లాసులోనూ చెప్పని మాటలన్నీ వాడి నోట్లోకి వచ్చేశాయి. నేను వారానికి రెండు గంటలు, రానూపోనూ గంటంపావు డ్రైవింగు పోసి సంపాదిస్తున్నది ఒత్తులు.

క్రిస్మస్ మర్నాటి నుంచి కుర్రాళ్ళ ప్రపంచ పోటీ, వరల్డ్ జూనియర్స్. ఈసారి రష్యాలో, ఊఫాలో. మాకూ వాళ్ళకీ పదకొండు గంటల తేడా. కెనడా మొదటి మ్యాచ్ జర్మనీతో, మాకు తెల్లవారుజాము నాలుగున్నరకి. స్కూలుకి ఏడున్నరకి లేపడానికి దుప్పటి లాగాల్సిన పిల్లాడు నాలుగింటికి తనే అలారం పెట్టుకున్నాడు. వద్దందామని మెట్లు దిగాను. కింద లైటు వేసి ఉంది. ధనుర్మాసం కదా, అత్తయ్య అప్పటికే స్నానం చేసి తిరుప్పావై చదువుకుంటున్నారు. ఒక మూల గోపికల్ని నిద్రలేపే పాశురాలు, ఇంకో మూల శబ్దం తగ్గించిన టీవీ, మధ్యలో స్వెటర్ మీద స్వెటరేసుకుని మామయ్య. "ఆ నల్లబిళ్ళ ఏదిరా, నాకు అగుపడ్తలేదు!" అత్తయ్య గిన్నెలో కట్టెపొంగలి తెచ్చి పెట్టారు. వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా మిరియాలు ఏరి తాత గిన్నెలో వేస్తున్నాడు. కెనడా 9-3తో గెలిచింది.

ఏమని కోప్పడాలో నాకు తోచలేదు. ఇంత తెల్లవారకముందే లేచి, ప్రసాదం తిని, తాతతో తెలుగులో వాదించే పిల్లాణ్ణి.

ఎడ్మంటన్ ఆటగాడు నుజెంట్-హాప్కిన్స్ ఈ జట్టుకి కెప్టెన్. లీగ్ నడుస్తుంటే ఊఫాకి వచ్చేవాడే కాదు. "లాకౌట్ వల్ల ఒక మంచి జరిగింది," అన్నాడు మా వాడు నావైపు చూసి. నేనూ మెల్లగా సోఫా చివర చేరాను. 30న అమెరికా మీద 2-1తో గెలిచినప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది నేనేనట. అత్తయ్య పుస్తకం మూసి చూశారు.

జనవరి 3న సెమీఫైనల్, మళ్ళీ అమెరికాతోనే. 5-1. రెండు పీరియడ్లు అయ్యేసరికే ఆట చేజారింది. 5న కంచు పతకం కోసం రష్యాతో ఆడి ఓవర్‌టైములో 6-5తో ఓడారు. పద్నాలుగేళ్ళుగా ఏదో ఒక పతకం లేకుండా కెనడా ఇంటికి రాలేదట. వాడు కుషన్‌లో మొహం పెట్టుకున్నాడు.

"నాలుగో స్థానానికే ఏడుస్తవేందిరా," అన్నారు మామయ్య. "మొన్న లండన్ ఒలింపిక్స్‌ల మనోళ్ళకి హాకీల పన్నెండో స్థానం. ఆడిందే పన్నెండు టీములు." కుషన్ లోపలి నుంచి నవ్వు వినిపించింది.

నాకు మాత్రం వాణ్ణి చూస్తే ఇంకోటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నన్ను హిందీ ప్రచార సభ పరీక్షలకి ట్యూషన్‌లో చేర్పించారు. వన్డే ఉన్న రోజు ట్యూషన్ ఎగ్గొట్టి పక్కింటి కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. నాన్న కనిపెట్టి చెవి మెలిపెట్టారు. ఆ సర్టిఫికెట్లు ఇప్పుడెక్కడున్నాయో తెలియదు. ఇక్కడ గుజరాతీ పక్కింటావిడతో నేను మాట్లాడేది ఇంగ్లీషే. అలాగని నాన్న చేసింది తప్పని అనలేను, ఒప్పని నమ్మకంగా చెప్పలేను. ఇంకో పాపం కూడా నా ఖాతాలోనే ఉంది. హాకీ సామాన్ల ధర, పొద్దున ఆరింటి ప్రాక్టీసులు చూసి వాణ్ణి స్కేటింగు దాకా నేర్పించి ఆపేశాను. ఆడనివ్వలేదు సరే, చూడనివ్వనూ లేదు.

ఇవాళ సంక్రాంతి. సీజన్ 48 మ్యాచ్‌లతో ఈ శనివారం, 19న మొదలవుతోంది. టొరంటో మ్యాచ్ మాంట్రియల్‌లో, ఏడింటికి. వేరే ఏ రోజైనా పెట్టొచ్చు కదా.

రాత్రి వాడి తెలుగు నోటుబుక్కు చూశాను. 'నా పండుగ' మీద ఐదు వాక్యాలు రాసుకు రమ్మన్నారు. వాడు రాసింది ఇది: "లాకౌట్ అయిపొయింది. నాకు సంతొషం. తాతకి సంతొషం. అమ్మకి కాదు. శనివారం ఆట ఉంది." దీర్ఘాలు దిద్దుదామని ఎర్రపెన్ను తీశాను. మూడింటికి పెట్టి, నాలుగో వాక్యం దగ్గర ఆగాను. అందులో తప్పేమీ లేదు.

పొద్దున మామయ్య మధ్యవర్తిగా దిగారు. ఆరున్నరకి క్లాసు నుంచి తీసుకొచ్చేస్తే మ్యాచ్ మొదలైన కాసేపటికల్లా ఇంట్లో ఉండొచ్చని ఆయన లెక్క. ఆరున్నర కాదు, ఆరు అని వాడు. ఏడు అన్నాను నేను. "ముందుగాల రిమోట్ తెచ్చి బల్ల మీద పెట్టు బిడ్డా, తర్వాత మాట్లాడదాం," అన్నారు మామయ్య.

బియ్యం డబ్బాలోంచి తీసి పెట్టాను.