మేనియా తిరగబెట్టే ముందు నిద్ర చూడండి

మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారుకు (మేనియా), కొన్నాళ్లు లోతైన దిగులుకు ఊగే జబ్బు బైపోలార్. అది తిరగబెట్టిన సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసేది చాలాసార్లు గొడవ జరిగాకే. కార్డు మీద లక్ష ఖర్చయ్యాకో, ఆఫీసులో మేనేజరు మీద అరిచి వచ్చాకో. అప్పటికే మేనియా మొదలై రెండు మూడు వారాలై ఉండొచ్చు. చాలామందిలో అంతకు ముందే నిద్ర మారుతుంది.

మామూలుగా నిద్ర పట్టనివాళ్లు మర్నాడు వాడిపోయి ఉంటారు. మేనియా వస్తున్నవాళ్లు నాలుగు గంటలు పడుకుని, తెల్లారకముందే లేచి బీరువాలన్నీ సర్దేస్తారు. ఇంత బాగా ఎప్పుడూ లేనంటారు. వరసగా రెండు రాత్రులు ఇలా గడిస్తే మూడో రాత్రి దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. నిద్ర చెడితే అదే మేనియాను రేపుతుంది కూడా. అందుకే శివరాత్రి జాగారం, తెల్లవారుజాము ముహూర్తాలు, నైట్ షిఫ్టులు, అమెరికా ప్రయాణాలు వీళ్లకు గండాలు. జాగారం మానేస్తే శివుడేమీ అనుకోడు. పెళ్లికి తప్పదంటే రిసెప్షన్‌కు వెళ్లి పదింటికల్లా ఇల్లు చేరండి.

ముందు కనిపించే గుర్తులు మనిషికో రకం. అయితే ఒకే మనిషికి దాదాపు ప్రతిసారీ అవే వస్తాయి: అర్ధరాత్రి పాత స్నేహితులకు ఫోన్లు, కొత్త వ్యాపారం లెక్కలు, ఉన్నట్టుండి పూజలు పెరగడం. బాగున్న రోజుల్లో ఇంట్లోవాళ్లతో కూర్చుని, కిందటిసారి ముందుగా ఏది మారిందో గుర్తు చేసుకుని కాగితం మీద రాయండి. ఏటీఎం కార్డు ఎవరికివ్వాలి, బండి తాళాలు ఎవరి దగ్గరుండాలి, ఏ డాక్టరును కలవాలి, ఇవీ అందులోనే రాయాలి. మేనియా వచ్చాక ఈ మాటలు చెవికెక్కవు. చికిత్స ఎలా జరగాలో, మన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ.

జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం మందు మానేయడం. మనసు ఊగకుండా నిలిపే మందు లిథియం. దాన్ని ఒక్కసారిగా ఆపితే కొద్ది నెలల్లోనే మేనియా వచ్చే ముప్పు బాగా పెరుగుతుంది. ఆపక తప్పకపోతే డాక్టరు చూస్తుండగా కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలలు పట్టేలా తగ్గించాలి. మానేయడం వెనక తరచూ మందు మీద భయం ఉంటుంది, ఆ భయం వెనక సరిగ్గా చేయించని రక్తపరీక్ష. రక్తంలో లిథియం ఎంతుందో చూసే ఈ పరీక్షకు రక్తం రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేదంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ దగ్గర ఉంచుతారు, కొందరికి 1.0 దాకా. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి.

మన ఎండాకాలం లిథియానికి పడదు. చెమటలో నీరు, ఉప్పు పోతే కిడ్నీలు లిథియాన్ని బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. వాంతులు, విరేచనాలైనా ఇంతే. బీపీ ఉందని ఒక్కసారిగా ఉప్పు మానేసినా ఇంతే. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా రక్తంలో దాన్ని పెంచుతాయి, పారాసిటమాల్ ఫర్వాలేదు. రక్తంలో లిథియం మితిమీరితే విషమే. చేతులు బాగా వణుకుతూ, మాట ముద్దముద్దగా వస్తూ, నడక తూలితే ఆ పూట మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

మేనియా దిగాక చాలామంది దిగులులోకి జారిపోతారు. అప్పులు, అన్న మాటలు అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. ఆ దిగులుకు వేరే డాక్టరు దగ్గర డిప్రెషన్ మాత్ర ఒక్కటే రాయించుకుంటే మళ్లీ మేనియాలోకి నెట్టే ప్రమాదం ఉంది, బైపోలార్ అని తప్పక చెప్పాలి. మొదటి వారాల్లో రోజూ ఒకే వేళకు లేవడం, స్నానం, పొద్దునపూట ఎండలో కాసేపు నడక, అంతే చాలు. క్షమాపణలు, అప్పుల లెక్కలు తర్వాత. ఉద్యోగానికి వీలైతే ముందు సగం రోజులు వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండొద్దు. టెలి మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. కాస్త గట్టిగా నవ్వినా "మందు వేసుకున్నావా?" అని నలుగురూ అడిగితే ఆ మనిషి మందు మీదే విసుక్కుంటాడు. అడగాల్సింది ఒక్కరే, కాగితంలో ఎవరి పేరు రాసుకున్నారో వాళ్లు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని అడిగితే చాలు.